ఇరవై రూపాయల చాకు

2001లో పుంగనూరులో మా హెడ్మాస్టరు రెడ్డెప్ప వీడ్కోలు సభ. మాట్లాడమని నా పేరు పిలిచారు. లేచేసరికి కళ్లద్దాల స్క్రూ ఊడి అరచేతిలో పడింది. అద్దాలు లేకపోతే నాకు అక్షరం కనబడదు.

ఆ హెడ్మాస్టరు కుర్చీ నాకు రావలసింది. తొమ్మిదేళ్ల కోపాన్ని పొగడ్తల మధ్య ఒకే వాక్యంలో పెట్టి రాసుకొచ్చాను. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ వాక్యానికి పనికొచ్చాయి. ఇవాళ చదవకపోతే ఇంకెప్పుడూ చదవలేను.

మెడలో దండతోనే రెడ్డెప్ప జేబులోంచి మడతచాకు తీశాడు. కుప్పం స్టేషన్లో ఇరవై రూపాయలకు కొన్నాడు. కత్తి, కత్తెర, స్క్రూడ్రైవరు అన్నీ దాంట్లోనే. రోజూ జేబులో వేసుకొస్తాడు, రోజూ నేను వెక్కిరిస్తాను.

"దాంతో కూరలోకి ఎర్రగడ్డ కూడా తెగదు గదప్పా," అన్నాను.

"ఎర్రగడ్డ తెగదులే. స్క్రూ తిరుగుతాది. అద్దాలు ఇట్లియ్యి. ఆ పేపరు టేబుల్ మింద పెట్టి, స్క్రూ పారేసుకోకుండా పట్టుకోప్పా."

తాపీగా, గట్టిగా బిగించి నా చేతికిచ్చాడు. ఆయన ముందు విప్పి ఉన్న కాగితం తీసుకుని చదివాను. అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. మూడో వాక్యం దగ్గర మాత్రం ఆగాను: "పది పనులొచ్చినట్టు కనిపించి ఒక్కటీ సరిగ్గా రాని మనిషి, అచ్చం ఆయన జేబులోని చాకులాగే." దాన్ని దాటేసి నాలుగో వాక్యం చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పక్కన కూర్చోగానే రెడ్డెప్ప నా చెవి దగ్గరికి వంగాడు.

"అద్దాలు బాగానే బిగించినానే అప్పా. మూడో లైను కనపళ్లేదా?"