గోడవతలి ఎడమకాలు

ప్రాక్టీసులో గురి తప్పిన బంతి మళ్ళీ గోడ దాటింది.

కోచ్ తల పట్టుకున్నాడు. "అంత వెడల్పు గోల్ కనబడదు గానీ, పక్కింటి పెరడు మాత్రం బాగా కనబడుతుందిరా నీకు!"

తన్నిన కుర్రాడు నాలిక కరుచుకున్నాడు.

అంతలో గోడవతల ధప్‌మని చప్పుడైంది. రెండు నిలువుల గోడ మీదుగా బంతి తేలుతూ వచ్చి, గాలిలో చిన్న ఒంపు తిరిగి, కార్నర్ జెండా దగ్గర బుద్ధిగా ఆగింది. ఎప్పుడు వెనక్కి వచ్చినా అక్కడే ఆగుతుంది.

"ఆ ఒంపు ఎడమకాలిది," అన్నాడు కోచ్. "వాడెవడో గానీ, వాడి కాలికి దండం పెట్టాలి."

గోల్‌కీపర్‌ని గోడ ఎక్కించి చూడమన్నాడు.

"ఎవరూ లేరు సార్. చేతికర్రతో ఒక ముసలావిడ, అంతే."

"అయితే దాక్కున్నాడన్నమాట," అని తేల్చేశాడు కోచ్.

అది చాలా పాత స్టేడియం. తాతలు, తండ్రులు, మనవలు కూర్చుని కూర్చుని చెక్కబెంచీలు నున్నగా అరిగిపోయాయి. చుట్టూ ఇరుకు వీధులు. వెనక వరస ఇళ్ళకి పెరటిగోడ, స్టేడియం గోడ ఒకటే. ఒకప్పుడు మ్యాచ్ ఉందంటే ఆ వీధుల్లో ఇసుక వేస్తే రాలేది కాదు. గోల్ పడితే వంటిళ్ళలో గిన్నెలు కదిలేవని చెప్పుకునేవారు. కోచ్ కూడా తన మొదటి మ్యాచ్ ఇక్కడే, నాన్న భుజాల మీద కూర్చుని చూశాడు.

ఈ సీజన్ అయిపోగానే క్లబ్బు ఊరి బయట కొత్త స్టేడియానికి మారిపోతుంది. దీన్ని కూల్చేస్తారు. ఆ మాట తలచుకుంటే కోచ్‌కి దిగులేసేది. కానీ బాధపడటానికి తీరికేదీ? జట్టు వరసపెట్టి ఓడుతోంది. "ఎడమవైపు ఆడేవాణ్ణి పట్టుకొస్తావా, నువ్వే మూటాముల్లే సర్దుకుంటావా?" అని ఛైర్మన్ మొహం మీదే అడిగేశాడు.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని, అనుకుంటూ కోచ్ ఆ సాయంత్రమే వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టాడు.

చేతికర్రావిడే తీసింది. "ఎవరు నాయనా?"

"పక్క స్టేడియంలో కోచ్‌నమ్మా. మీ మనవడున్నాడా?"

"మనవడా?" ఆవిడ కళ్ళు నవ్వాయి. "ఈ ఇంట్లో ఉండేది నేనూ, మా చెల్లెలూ."

"దాచకండమ్మా. వాడేం తప్పు చేయలేదు. బంతి తిరిగి తన్నుతున్నాడు చూడండి, వాడి కాల్లో బంగారం ఉంది."

"అంత బాగా తన్నుతాడా?"

"ఇన్నేళ్ళుగా ఆటలో ఉన్నాను, అలాంటి కాలు చూడలేదు."

ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఆ మాట ఇంకోసారి చెప్పు నాయనా."

మనవడంటే ఎంత ప్రేమో అనుకుని కోచ్ ఇంకోసారి చెప్పాడు.

"నాదో కోరిక," అందావిడ. "ఆ స్టేడియాన్ని కూల్చేస్తారటగా. ఈలోగా ఒక్కసారి లోపలికొచ్చి, ఆ గడ్డి మీద నాలుగడుగులు వేసి వెళ్ళిపోతాను. రానిస్తావా?"

కోచ్‌కి ఠక్కున ఉపాయం తట్టింది. "దానికేం భాగ్యం! మనవణ్ణి వెంటబెట్టుకుని రండి. గేటు నేనే తీస్తాను."

"మనవడు లేకపోతే?"

"రూల్సు ఒప్పుకోవమ్మా. బయటివాళ్ళని రానివ్వం."

"బయటివాళ్ళం," అని ఆవిడ తనలో తాను అనుకుంది. "సరే నాయనా."

తలుపు నెమ్మదిగా మూసుకుంది. ముసలావిడ మెత్తబడింది, రేపో మాపో పిల్లాడు గేటు దగ్గరుంటాడు అనుకుంటూ కోచ్ హుషారుగా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఎవరూ రాలేదు. జట్టు వేరే ఊరు వెళ్ళి, అక్కడా ఓడి తిరిగొచ్చింది. మళ్ళీ ప్రాక్టీసు మొదలైంది. ఒక బంతి గోడ దాటింది. అందరూ ఆట ఆపి ఎదురుచూశారు. ఎంతకీ రాలేదు. తర్వాత వెళ్ళిన ఇంకో బంతీ రాలేదు. కోచ్ కాలు నిలవక ఆ ఇంటికి పరిగెత్తాడు.

ఈసారి తలుపు తీసింది చెల్లెలు.

"అక్క పోయి నాలుగు రోజులైంది బాబూ."

"అయ్యో!" కోచ్ తల దించుకున్నాడు. అయినా ఉండబట్టలేక అడిగాడు. "మరి ఆ అబ్బాయి?"

"ఏ అబ్బాయి?"

"బంతి తన్నేవాడమ్మా. మనవడు."

"అక్కకి పెళ్ళే కాలేదు, మనవడెక్కణ్ణుంచొస్తాడు? బరువంతా కర్ర మీద మోపి, ఎడమకాలితో తనే తన్నేది. ఈ వయసులో నీకిదేం పిచ్చే అక్కా అంటే, 'నన్ను రానివ్వకపోతేనేం, బంతినైతే రానిస్తున్నారుగా' అనేది."

కోచ్ కళ్ళు పెరటివైపు తిరిగాయి.

"మీరొచ్చి మెచ్చుకున్న మాటలు నాకు పదిసార్లు చెప్పి మురిసిపోయింది."

"నాకు చెప్పలేదేమమ్మా! తెలిస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి కదా!"

"ఎవరో తెలిస్తేనే రానిస్తారా బాబూ?"

 

చెల్లెలు రెండు బంతులూ తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. కోపం లేకుండానే చెప్పింది.

"ఆ రోజుల్లో మీ క్లబ్బుకి ఆడపిల్లల జట్టు కూడా ఉండేది. ఇది ఆడవాళ్ళ ఆట కాదని ఒకనాడు మీ పెద్దలు గేటు మూసేస్తే, జెర్సీ వేసుకుని వచ్చి వీధిలో నిలబడిపోయిన కెప్టెన్ మా అక్కే."