సన్నటి సెగ

"పెద్దాయనా, ఈ పట్టకారు కాస్త పట్టుకో. ఇప్పుడే వస్తా!"

గేటు దాటి లోపలికి వచ్చిన ముసలాయన నోరు తెరిచేలోపే, ఎబెర్ ఆయన చేతిలో పట్టకారు పెట్టి ఆఫీసు వైపు పరుగెత్తాడు. లోపల్నుంచి యజమాని అరియేటా కేకేశాడు మరి.

"అమ్మాయ్, నేను ఆఫీసుకి..." అనబోయాడు ముసలాయన.

"ఆఫీసు ఎక్కడికీ పారిపోదులే. ముందు ఆ మాంసం సంగతి చూడు, మాడి చస్తుంది!" అంది నిల్దా ఉల్లిపాయలు తరుగుతూ.

మెర్సెడెస్ పట్నంలోని కూల్‌డ్రింకుల గోదాము అది. ఆ శుక్రవారం మధ్యాహ్నం లారీ డ్రైవర్లంతా కలిసి ఆవరణలో విందు పెట్టుకున్నారు.

ఉరుగ్వేలో పట్టకారు ఎవరి చేతిలో ఉంటే పొయ్యి వాళ్లదే. మాంసం దిగేదాకా ఆ మనిషి కదలకూడదు, ఇంకొకరు ఆ నిప్పుల జోలికి పోకూడదు. ఇంకేముంది, ముసలాయన ఇరుక్కుపోయాడు!

కోటు విప్పి మేకుకి తగిలించాడు. నిల్దా తన ఏప్రన్ తెచ్చి ఆయన నడుముకి కట్టింది.

"ఏంటమ్మా విశేషం? పుట్టినరోజా?"

"కాదు, మా దినం!" నిల్దా పకపకా నవ్వింది. "ఇప్పటిదాకా మేం ఉద్యోగులం. సాయంత్రానికి ఎవరికి వాళ్లం ఓనర్లం. రేపట్నుంచి నన్ను మేడమ్ అని పిలవాలి, తెలుసా!"

"అయితే లారీ నీదేనా?"

"ఆశ! లారీ వాళ్లదే, రూటు వాళ్లదే, తొడుక్కున్న చొక్కా కూడా వాళ్లదే. లారీ చెడితే మాత్రం రిపేరు మాది. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. సెలవుల్లేవు, బోనసు లేదు."

"మరి సంతకాలు ఎందుకు పెడుతున్నారు?"

అప్పుడే తిరిగొచ్చిన ఎబెర్ జవాబు చెప్పాడు.

"పెట్టకపోతే సోమవారం అరియేటా లారీ తాళం ఇవ్వడట. ఇంట్లో పిల్లలున్నారు, ఏం చెయ్యను? అదే సోమవారం పొద్దున లేబర్ ఆఫీసులో మా కేసు ఉంది. ఆ గుమ్మం ఉద్యోగులుగా ఎక్కితే గెలుపు మనదే అంటున్నాడు యూనియన్ లాయరు. ఈ దొంగకి అది తెలుసు! అందుకే ఇవాళే రాజధాని నుంచి నోటరీని రప్పిస్తున్నాడు. ఆయన ముందు సంతకాలు పడ్డాయంటే, ఇక మేమెవరో, కేసెవరిదో!"

"ఇవాళ పడకపోతే?"

"ఆ సంతకాలు నమోదు చేసే రిజిస్ట్రీ ఐదింటికి మూసేస్తారు. ఇవాళ దాటితే మళ్లీ తెరిచేది సోమవారం సాయంత్రమే, మా కేసు అయిపోయాకే. అంత అదృష్టమా మాకు! నువ్వు కానివ్వు, ఆకలేస్తోంది."

ముసలాయన పొయ్యి వైపు తిరిగాడు. నాలుగు నిప్పులు పక్కకి నెట్టి, రెండే రెండు మాంసం కింద ఉంచాడు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు తమాషా!

పక్కటెముకలు కాలవు. సాసేజీలు కాలవు. ఆయన మాత్రం ఎత్తి చూడ్డం, వాసన పీల్చడం, తల అడ్డంగా ఊపడం.

"ఏం పెద్దాయనా, ఆవు ఇంకా బతికే ఉందా?"

"కార్నివాల్ నాటికైనా తింటామా?"

"మా అత్తగారే నయం! తిట్టినా టయానికి పెట్టేది."

అందరూ నవ్వారు, ముసలాయన కూడా. ఎవరో సీసా మూత తీశారు. ఇంకెవరో ఖాళీ పెట్టెల మీద దరువు మొదలుపెట్టారు. నిల్దా ఆగలేక ముసలాయన చుట్టూ గిరగిరా ఆడింది. చెప్పొద్దూ, దినం భోజనం కాస్తా పెళ్లి భోజనంలా తయారైంది.

అరియేటా విసవిసా బయటికి వచ్చాడు.

"నోటరీ వచ్చాడా?"

"రాలేదు సార్!" ఒకే గొంతుతో అన్నారు.

"ఈసారి కొత్తాయన. వస్తే తిన్నగా లోపలికి పంపండి. తిండి పెట్టి కబుర్లలోకి దించారో, చూడండి మరి!" ముసలాయన వైపు తిరిగాడు. "ఏవయ్యా, త్వరగా కానివ్వు. లేకపోతే జిడ్డు చేతులతోనే వచ్చి కాగితాలు ముట్టుకుంటారు వీళ్లు."

"తొందరపడితే మాంసం గట్టిపడుతుంది సార్," అన్నాడు ముసలాయన వినయంగా.

అరియేటా గొణుక్కుంటూ లోపలికి పోయి మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

ఎబెర్ కడుపు కాలిపోతోంది. "ఇంత చేతకానివాడి చేతికి పట్టకారు ఇచ్చానే! నా చెంపలు నేనే వాయించుకోవాలి," అన్నాడు ఆయనకి వినబడేలాగే. లాక్కుందామంటే పద్ధతి కాదాయె.

చర్చి గంట ఐదు కొట్టింది.

"దించుకోండి," అన్నాడు ముసలాయన.

అబ్బ, ఏం మాంసం! ఎముక పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. తిట్టిన నోళ్లన్నీ నిండిపోయాయి. కాల్చిన మనిషికి చప్పట్లు కొట్టడం ఆనవాయితీ. ఆవరణ మార్మోగిపోయేలా కొట్టారు.

ఆయన సిగ్గుపడుతూ ఒక్క ముక్క తిని, చేతులు తుడుచుకుని కోటు తొడుక్కున్నాడు.

"ఇంతకీ ఏం పనిమీద వచ్చావ్ పెద్దాయనా? మేం నిన్ను అడగనే లేదు," అన్నాడు ఎబెర్ నోట్లో ముక్కతోనే.

"ఆ పని ఇవాళ్టికి కాదులే నాయనా."

"మళ్లీ రా! కాకపోతే ఈసారి తెల్లారుజామునే మొదలుపెట్టు!" నిల్దా వెనకనుంచి అరిచింది.

ఆయన చెయ్యూపి కారెక్కాడు. కారు మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి ఆఫీసులో ఫోన్ మోగింది. అరియేటా ఆ ఫోన్ చేత్తో పట్టుకునే, ఎర్రబడ్డ మొహంతో బయటికి దూకాడు.

"సంతకాలు లేవు, ఏమీ లేవు! సోమవారం దాకా అంతా అలాగే ఉంటుంది. పోండి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నిల్దా ఎబెర్‌ని కావలించుకుని ఎగిరింది. పెట్టెల మీద దరువు మళ్లీ అందుకుంది.

"పాపం, నోటరీకి దారిలో ఏమైంది సార్?" అడిగాడు ఎబెర్ నవ్వు ఆపుకుంటూ.

"ఏమీ కాలేదు!" అరియేటా పళ్లు కొరికాడు. "మిట్టమధ్యాహ్నం నుంచీ మీ పొయ్యి దగ్గరే నిలబడి మీకు మాంసం కాల్చాడట!"