టైరు తాత

ముసలాయన ఇవాళ కూడా నిలబడి ఉన్నాడు.

బడికి పోతున్న సరళ సైకిల్ బ్రేకు పట్టుకుంది.

తండా దాటి తారు రోడ్డెక్కే మలుపులో, సైకిల్ మీద కూర్చుని ఒక కాలు నేలకు ఆనించి ఉన్నాడు. బక్క మనిషి. భుజం మీద నుంచి ఛాతీకి అడ్డంగా వేసుకున్న పాత సైకిల్ టైరు.

తల వంచుకుని దాటిపోయింది.

వెనక గొలుసు చప్పుడు. అంతలోనే ఆయన ఆమెను దాటి, సరిగ్గా ఆమె సైకిల్ ముందు చక్రానికి మూరెడు దూరంలోకి వచ్చి వేగం తగ్గించాడు.

ఆమె కుడికి జరిగితే ఆయనా కుడికి. ఎడమకు జరిగితే ఎడమకు.

"దగ్గరికి రా బిడ్డా. ఇంకా దగ్గరికి" అన్నాడు వెనక్కి చూడకుండానే.

సరళ చుట్టూ చూసింది. అటూ ఇటూ పత్తి చేలు. పిలిస్తే పలికే మనిషి లేడు.

తిరుమలగిరి బడి గేటు దాకా అంతే. అక్కడ పక్కకు జరిగి, ఆమెను ముందుకు పోనిచ్చి, సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

పదిహేను రోజులుగా ఇదే.

ఇంట్లో చెప్పలేదు. నాన్న లచ్చిరాం బడి తెరిచిన నాడే అన్నాడు: "తొవ్వల ఏ లొల్లి అయినా, బడి నుంచి నాకు పిలుపొచ్చినా, ఇగ నీ సదువు ఖతం."

మూడుసార్లు ఆలస్యమైతే బడివాళ్లు నాన్నను పిలుస్తారు. ముసలాయన కనబడక ముందే, బడి తెరిచిన మొదటి వారంలోనే రెండుసార్లు అయిపోయాయి.

తనతో చదివే కవితకు ఒక్కదానికే చెప్పింది.

"టైరు తాతనా? దండ మెడలేసుకునే వస్తుండు గదనే, పెండ్లెప్పుడు?"

"నవ్వకే. నాకు మస్తు భయమైతుంది."

కవిత నవ్వు ఆపింది. సాయంత్రమే ఆ మాట తండా ఆటో నడిపే మంగ్త్యా చెవిన వేసింది.

మరునాడు మంగ్త్యా రోడ్డుకు అడ్డంగా ఆటో ఆపాడు.

"ఏయ్ ముసలోడా! ఆడపిల్ల ఎనక పడ్డవేంది?"

"ఎనక పడలే అయ్యా. ముంగట పోతున్న."

"ఎచ్చులా? సరళా, నిన్ను పరేషాన్ చేస్తుండా లేదా?"

ముసలాయన మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

సరళ నేలను చూసింది. అవునన్నట్టు తల చిన్నగా ఊపింది.

మంగ్త్యా రెండు చక్రాల వాల్వులూ పీకి పత్తి చేనులోకి విసిరాడు. ముసలాయన సైకిల్ దిగాడు. గాలి పోయిన సైకిల్ నెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మరునాడు మలుపులో ఎవరూ లేరు.

సరళ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని రోడ్డెక్కింది. గాలి ఎదురొచ్చి కొట్టింది. ఎంత తొక్కినా సైకిల్ కదలదు. చెవుల్లో హోరు. తొడలు మండిపోతున్నాయి.

చేరేసరికి గేటు మూసి ఉంది. వ్యాయామం సారు ప్రభుదాస్ లేటు రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మూడోసారి. ఏమైందమ్మా?"

"గాలి సార్..."

"పదిహేను రోజులు లేని గాలి ఇయ్యాల్నే వచ్చిందా?"

ఆమె ఏడుస్తూ అంతా చెప్పింది.

సారు ముఖం పాలిపోయింది. ఆమెను ఆటల గదిలోకి తీసుకెళ్లి గోడ మీది ఫొటో చూపించాడు. సైకిళ్లు పట్టుకుని నిలబడ్డ తెల్లదొరలు. భుజాల మీద అడ్డంగా టైర్లు.

"నూరేండ్ల కింద ఒలింపిక్స్‌ల తొక్కినోళ్లు. తొవ్వల టైరు పోతే ఎవలూ సాయం రారు, అందుకే ఒంటి మీదనే ఏసుకునేటోళ్లు. ఈ ఫొటో ఇచ్చింది నీ ముంగట తొక్కిన తాతనే, బీరప్ప. వాళ్లంటే పానం."

"మరి నా ముందుకెందుకు సార్..."

"ముంగటోడు గాలిని కోస్తడు. దగ్గర్నే ఉంటే ఎనకోనికి సగం కష్టం తప్పుతది. ఎదురుగాలికి ఓ పిల్ల లేటైతుందని నేనే ఆయనతోని అన్న. నీకు చెప్పిండనుకున్న."

"నేను పోయి కాళ్లు మొక్కుత సార్. ఏడుంటడు?"

సారు బీరప్ప పక్కింటికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"నిన్న సైకిల్‌ను పాత ఇనుప సామానోనికి ఇచ్చేసి, కోదాడల బిడ్డ ఇంటికి పోయిండట."

సారు ఏమీ రాయకుండా రిజిస్టరు మూసేశాడు.

బీరువా మీద ఒక కప్పు మెరుస్తోంది. కోదాడ నుంచి సూర్యాపేట సైకిల్ పందెం, మొదటి బహుమతి.

"ఇది ఆయన గెలిచిందా సార్?"

"కాదమ్మా, మా నాయన మత్తయ్య గెలిచిండు. కోదాడ నుంచి సూర్యాపేట దాక మా నాయన ముంగట ఎదురుగాలికి తొక్కి, గీత కాడ పక్కకు జరిగినోడు బీరప్ప."