గొలుసు దాటని బ్యాటరీ

"దిగు," అన్నాడు మామగారు.

అల్లుడు దిగలేదు. ఒక కాలు నేలకు ఆన్చి సీటు మీదే కూర్చున్నాడు. సైకిలు ముందు చక్రం దారికి అడ్డంగా కట్టిన గొలుసును తాకుతోంది. గొలుసు మధ్యలో రేకు పలక వేలాడుతోంది. కొండబాట మీద మోటారు బళ్లు పోకూడదని దాని మీద రాసి ఉంది. రాసింది అక్కడ కాపలా కాసే ఈ మామగారే. అక్షరాలు కూడా ఆయనలాగే బిర్రబిగుసుకుని ఉన్నాయి.

"మామయ్యా, ఇది సైకిలు."

"మోటారుంది."

"తొక్కితేనే తిరుగుతుంది. పొగ రాదు, చప్పుడుండదు."

"మోటారుందా, లేదా?"

"ఉంది."

"అయితే దిగు."

కొండకు అవతల సబ్బుల ఫ్యాక్టరీ ఉంది. రోడ్డు మీద పోవాలంటే కొండంతా చుట్టాలి. వెళ్లి రావడానికి బ్యాటరీ చాలదు. బాట పట్టుకుంటే సగం దూరం కూడా లేదు. నిన్న ఆలస్యంగా వెళ్తే, ఇంకొక్కసారి ఇలా వస్తే అటునుంచి అటే పొమ్మని ఫోర్‌మన్ చెప్పేశాడు.

పొద్దున్నే నడకకొచ్చిన టీచరమ్మ గొలుసు పక్కన ఆగింది.

"పోనివ్వండి పాపం. ఇలాంటిదొకటుంటే నా మోకాళ్లు కూడా కొండెక్కేవి."

"చూశారా!" అన్నాడు అల్లుడు.

"ఆగు నాయనా. మొన్న నా వెనకాల దెయ్యంలా వచ్చావు. అలికిడి లేదు. తుప్పల్లో పడబోయాను."

"చప్పుడుండదని ఇప్పుడేగా మురిసిపోయాడు," అన్నాడు మామగారు.

టీచరమ్మ నవ్వింది. అల్లుడు వాచీ చూసుకున్నాడు.

"నిన్నటి పద్ధతే," అన్నాడు మామగారు. "బ్యాటరీ తీసి ఇక్కడ పెట్టు. అప్పుడది సైకిలు. గొలుసు నేనే దించుతాను."

"నిన్న పెట్టాను కదా. సాయంత్రం వచ్చి చూస్తే సగం దిగిపోయి ఉంది. నేను వాడందే ఎలా దిగింది?"

"ఊరికే కూర్చోబెట్టినా అరిగిపోయే సరుకది. నాలుగేళ్లు పోనీ, పూర్తిగా చస్తుంది. కొత్తది అడిగితే బండి ఖరీదులో సగం చెబుతారు. అప్పుడు తెలిసొస్తుంది నీకు."

"మీకెలా తెలుసు?"

"నేను లోకంలో బతకడం లేదూ?" మామగారు తొడ చరుచుకున్నాడు. "ఇదిగో, ఇదీ బండంటే. కాలనీ నుంచి ఇక్కడిదాకా ఇంత ఎత్తు రోజూ నడిచొస్తాను. మధ్యాహ్నం అన్నానికి దిగుతాను, తిని మళ్లీ ఎక్కుతాను. నాకెవరు పెడుతున్నారు చార్జింగు?"

"ఉద్యోగం పోతే పస్తుండేది మీ అమ్మాయే మామయ్యా."

"గొలుసు దగ్గర నాకు అమ్మాయీ లేదు, అల్లుడూ లేడు."

"అబ్బో, ఏం నిక్కచ్చి మనిషండీ!" అంటూ టీచరమ్మ బాట పట్టింది. మెచ్చుకుందో వెక్కిరించిందో తెలియలేదు.

అల్లుడు దిగాడు. తాళం తిప్పాడు. మామగారు వంగి, మీట నొక్కి, బ్యాటరీని ఒక్క గుంజుతో ఊడదీశాడు. నల్లటి పెట్టె మీద ఎర్ర చుక్క ఉంది. ఫ్యాక్టరీ షెడ్డులో అలాంటివి బోలెడుంటాయి, మారిపోతాయని అల్లుడి భార్య గోళ్లరంగుతో దిద్దింది.

"ఎండ తగలకూడదు. ఆ టార్పాలిన్ కింద పెట్టండి," అన్నాడు అల్లుడు, కాపలా గది వెనకున్న కుప్పను చూపిస్తూ.

"దాని జోలికెళ్లకు. కందిరీగలు తుట్టె పెట్టాయి."

గొలుసు దిగింది. అల్లుడు తొక్కాడు. బ్యాటరీ లేని ఆ బండిని కొండ మీదికి తొక్కడమంటే చచ్చిన గేదెను ఈడ్చడమే. మొదటి మలుపు దాకా తొక్కాడు. రెండో మలుపులో నిలబడి తొక్కాడు. ఆ తర్వాత దిగి నెట్టాడు. టీచరమ్మ అతన్ని దాటుకుని ముందుకు వెళ్లిపోయింది. శిఖరం చేరేలోపే అవతలి నుంచి ఫ్యాక్టరీ కూత వినిపించింది.

ఫోర్‌మన్ అరవలేదు. లోపలున్న టవలూ, పని చెప్పులూ తెచ్చుకోమన్నాడు. మిగతాది ఆఫీసు వాళ్లు చూసుకుంటారన్నాడు.

అల్లుడు వాటిని హ్యాండిలుకు తగిలించుకుని వెనక్కి బయల్దేరాడు. దారిలో ఒక చెట్టు నీడన చాలాసేపు కూర్చున్నాడు. భార్యకు చెప్పాల్సిన మాటను నాలుగు రకాలుగా కూర్చి చూసుకున్నాడు. ఏ రకంగా చెప్పినా అదే మాట.

గొలుసు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గదికి తాళం వేసి ఉంది. మామగారు అన్నానికి వెళ్లి ఉంటాడు. బ్యాటరీ కోసం ఆగక తప్పదు. అల్లుడు గది వెనక నీడలోకి నడిచాడు. టార్పాలిన్ నేల మీద చాపలా పరిచి ఉంది. దాని కింద కుప్ప లేదు, కందిరీగలూ లేవు.

కింద కాలనీ రోడ్డు మీంచి సన్నగా, దోమ పాడినట్టు ఒక రొద వినిపించింది. అది పైకి వస్తోంది. నిట్టనిలువు ఎత్తు మీద, ఒక పాత సైకిలెక్కి మామగారు ప్రత్యక్షమయ్యాడు. చొక్కా మడత నలగలేదు. నుదుట చెమట లేదు. కాళ్లు పెడళ్ల మీద కదలకుండా ఉన్నాయి. పంట్లో పుల్ల ఆడిస్తూ, తలెత్తి అల్లుణ్ణి చూశాడు.

"ఇంత పెందలాడే వచ్చావేం అల్లుడూ?"

అల్లుడి చూపు మామగారి మోకాళ్ల మధ్య, ఆ పాత బండి గొట్టానికి బిగించిన నల్ల పెట్టె మీద, ఎర్ర చుక్క దగ్గర ఆగిపోయింది.