కాశీలో వదిలిన దుంప

"అమ్మా, గిది పెద్దమ్మ ముట్టదు గద?" ఉడికిన చామదుంపల తొక్క ఒలుస్తున్న పనిమనిషి అంజమ్మ చెయ్యి ఆపి అడిగింది.

"పెద్దమ్మ కోసం కాదులే. సాస్ చిక్కబడటానికి," అంది వాసంతి.

అబద్ధం. పెద్దమ్మ కోసమే.

అత్తగారు పుణ్యవతి అయిదేళ్ల కిందట కాశీ వెళ్లారు. వెళ్లినవాళ్లంతా అక్కడ ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు. ఆవిడ చామదుంప వదిలారు. అంతకు ముందు చామదుంపల వేపుడుంటే ఆవిడకు ఇంకో కూర అక్కర్లేదు. ఇప్పుడు పెళ్లి భోజనాల్లో కూడా, ఇందులో చామదుంప పడలేదు కదా అని అడిగి గాని కూర్చోరు.

ఇవాళ అడగరు. ఎందుకంటే వాసంతి చేస్తున్నది బేక్డ్ వెజిటబుల్. పళ్లు కదిలిన దగ్గర్నుంచి, కోడలి వంటల్లో ఆవిడ వంక పెట్టకుండా తినేది అదొక్కటే.

వాసంతి బాణలిలో వెన్న కరిగించి మైదా వేయించింది. పాలు సన్నటి ధారగా పోస్తూ, ఉండ కట్టనివ్వకుండా గరిటె తిప్పుతూనే ఉంది. చామదుంపల్ని జల్లెడలో రుద్ది, ఆ మెత్తటి ముద్దని పాలలో కలిపింది. మిరియాల పొడి, జాజికాయ కాస్త ఎక్కువే వేసి రుచి చూసింది. దుంప జాడ లేదు. సగం ఉడికిన క్యారెట్, బీన్స్, బఠాణీల మీద ఆ సాస్ పోసి, పైన చీజ్ తురిమింది.

వదిలేసినదాన్ని తెలియకుండా తినిపిస్తే పాపం నీకే చుట్టుకుంటుందని, సంగతి పసిగట్టిన అంజమ్మ గొణిగింది. "జర సోంచాయించమ్మా," అని కూడా అంది.

ఏడాది నుంచీ వాసంతి ఆలోచిస్తూనే ఉంది. భర్త జశ్వంత్‌కి ప్రమోషన్ వచ్చినప్పుడు, నానక్‌రామ్‌గూడ ఆఫీసులో అతని మేనేజర్ ప్రియదర్శిని భర్తతో కలిసి ఈ నార్సింగి ఫ్లాటుకే భోజనానికి వచ్చింది. ఇల్లు ఎంత బాగా సర్దుకున్నారో అని ఆమె మెచ్చుకుంటే, పుణ్యవతి నవ్వుతూ అందుకున్నారు.

"ఇప్పుడు ఇల్లు సర్దుతోంది గాని, పెళ్లయిన రెండో ఏడే పెట్టె సర్దుకుని లింగంపల్లిలో పుట్టింటికి పోయిన మనిషండీ. నాలుగు నెలలు రాలేదు."

అతిథులు మంచినీళ్ల గ్లాసుల్లోకి చూశారు. జశ్వంత్ తల వంచుకుని పెరుగు వడ్డించుకున్నాడు. అతనే స్వయంగా వచ్చి, పుట్టింటి గేటు దగ్గర నిలబడి, ఇంటికి రమ్మని బతిమాలాడన్న మాట ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పలేదు. వాసంతి మాత్రం అప్పుడే అనుకుంది. ఈ మాటకు జవాబు ఈ బల్ల దగ్గరే, వీళ్ల ముందే.

ఆదివారం మధ్యాహ్నం. అదే బల్ల, అదే అతిథులు. ఓవెన్‌లోంచి తీసిన గాజు గిన్నె పైన బంగారు రంగు పొర ఇంకా బుడగలు కడుతోంది. పులిహోర, రోటీల పక్కన పెట్టి, వాసంతి మొదట అత్తగారికే వడ్డించింది.

పుణ్యవతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"వేడిగా ఉందా అత్తయ్యగారూ?"

"లేదు," అని ఆవిడ నెమ్మదిగా నమిలారు. పళ్లెంలో ఉన్నదంతా తిన్నారు. "బాగా కుదిరింది. మళ్లీ వడ్డించు."

వాసంతి పై పొరతో సహా రెండు గరిటెలు వేసింది. ఆవిడ అదీ తిని, పళ్లేనికి అంటుకున్న సాస్ కూడా చెంచాతో గీసుకున్నారు.

ఇంత చిక్కగా ఎలా వచ్చింది, క్రీమ్ ఎంత వేశారు అని ప్రియదర్శిని అడిగింది. ఆ ప్రశ్న కోసమే వాసంతి కాచుకుని ఉంది.

"క్రీమ్ లేదండీ. చామదుంప," అని, అప్పుడే గుర్తొచ్చినట్టు అత్తగారి వైపు తిరిగింది. "అయ్యో, మీరు కాశీలో వదిలేశారు కదూ! పోనీలెండి అత్తయ్యగారూ. వదిలి వెళ్లినవి తిరిగొస్తాయి. నేను రాలేదూ?"

జశ్వంత్ చేతిలో చెంచా పళ్లేనికి తగిలి ఖంగుమంది. ప్రియదర్శిని భర్త నాప్కిన్ మడతపెట్టడం మొదలుపెట్టాడు. పుణ్యవతి మాత్రం మూతి తుడుచుకుని, అతిథులకు ఇంకో రోటీ వెయ్యమన్నారు. వాళ్లు కాఫీకి కూడా ఆగలేదు. వాళ్లని దిగబెట్టడానికి జశ్వంత్ లిఫ్టు దాకా వెళ్లాడు.

వంటింట్లో వాసంతి కేకల కోసం ఎదురుచూస్తూ నిలబడింది. పుణ్యవతి తన పళ్లెం తానే తెచ్చి సింకులో పెట్టారు.

"నువ్వు లింగంపల్లిలో ఉన్నప్పుడు వాడు విడాకుల కాగితాల మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు," అన్నారు, గొంతు పెంచకుండా. "నీకు పంపమన్నాడు. నేను కాశీ వెళ్లొచ్చాక పంపుతానన్నాను."

వాసంతి సింకు అంచు పట్టుకుంది.

"అందరూ పుణ్యానికి వదులుతారు. నేను మీ కాపురం నిలవాలని మొక్కి వదిలాను. నేను తిరిగొచ్చిన వారానికి వాడు మనసు మార్చుకుని నీ గేటు దగ్గరికి వచ్చాడు."

"నాకు... ఎవరూ చెప్పలేదు."

"చెప్పుకునేది మొక్కు కాదు."

పొరపాటున తిన్నదానికి మొక్కు చెడదని, దేవుడికి అంతా తెలుసని, పాపమేదన్నా ఉంటే తనదేనని వాసంతి గబగబా చెప్పుకుపోయింది. పుణ్యవతి కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని, కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు.

"నిజమే. మొదటి ముద్ద తెలియక తిన్నదే."

వాసంతి ఊపిరి పీల్చుకుంది.

"మళ్లీ వడ్డించమన్నది తెలిసే."