ఖాదర్ పాటల్లో ఖాళీలు

"ఆ ఖాళీలు పూడ్చకండి మాష్టారూ."

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అన్నాడు ఆ ముసలాయన. ఇంకా తన పేరైనా చెప్పలేదు.

చైతన్యకృష్ణ ప్రూఫుల మీంచి తలెత్తాడు. ఆయన తెలుగు లెక్చరరుగా రిటైరై, బ్రాడీపేటలో ఓ మేడ మీద ఉంటున్నాడు. పనిలేక అందరి పుస్తకాలకూ ముందుమాటలు రాస్తాడని గిట్టనివాళ్లు అంటారు.

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది అబ్దుల్ ఖాదర్ పాటల సంపుటి.

ఖాదర్ చిలకలూరిపేటలో పత్తిమిల్లు గుమాస్తా. అమెరికాలో నల్లజాతివాళ్లు పుట్టించిన జాజ్ సంగీతాన్ని రేడియోలో విని, దాని పిచ్చిలో పడ్డాడు. ముప్పై ఏళ్లు చిన్న పత్రికల్లో దాని మీద వ్యాసాలు రాశాడు. ఆ ధోరణిలోనే తెలుగులో ఎనభై పాటలు కట్టాడు. ఆరేళ్ల కిందట పోయాడు.

ఆయన ఎంతటివాడో తేల్చే పని చైతన్యకృష్ణ మీద పడింది. తేల్చేశాడు కూడా. 'వ్యాసకర్తగా గొప్పవాడు, కవిగా సగమే' అని ముందుమాటలో రాశాడు.

ఎందుకంటే ఖాదర్ నోటుబుక్కుల్లో ఒక్క పాటా నిండుగా లేదు. రెండు పంక్తులు రాసి, రెండు పంక్తుల జాగా వదిలేవాడు. మళ్లీ రెండు రాసి, మళ్లీ వదిలేవాడు.

పోయినవాడి పరువు కాపాడదామని ఆ ఖాళీలన్నీ చైతన్యకృష్ణే నింపుతున్నాడు.

"ఇంతకీ మీరెవరు?"

"ఏసోబునండి. ఖాదర్ గారితో మిల్లులో పనిచేశాను."

"ఏం చేసేవారు?"

"పత్తి బేళ్లు కట్టేవాణ్ణండి."

చైతన్యకృష్ణకు ఆయన గురించి తెలుసుకోవాల్సింది అంతటితో అయిపోయింది.

"మొన్న పేపర్లో ఒక పాట వేయించారు గదండీ," అన్నాడు ఏసోబు. "ఖాదర్ గారమ్మాయి నజ్మీన్ చదివి వినిపించింది. మధ్యలో ఏవో కొత్త మాటలున్నాయి."

"అవి నావే. వినండి."

చైతన్యకృష్ణ గొంతు సవరించుకుని చదివాడు.

"పేట రోడ్డున లారీలన్నీ నీ ఊరికే పోతున్నాయి,
మిల్లు గేటు కాడ నేనొక్కణ్ణే ఆగిపోయాను."

అక్కడిదాకా ఖాదర్. ఏసోబు కళ్లు మూసుకున్నాడు.

"విరహాగ్ని జ్వాలలందు వేగుచుంటి నో సఖీ,
కరుణ జూపి కాంచవేల కమలపత్ర లోచనా."

ఇది చైతన్యకృష్ణ. ఏసోబు కళ్లు తెరిచాడు.

"బాగానే ఉందండి. కానీ అక్కడ మాటలుండవు."

"మాటల్లేకుండా పాటెలా అవుతుందయ్యా?"

"చెబితే తెలిసేది కాదండి. వినాలి."

"ఖాదర్ గారే లేరు. ఇంకెవర్ని వినమంటారు?"

ఏసోబు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తన గురించి తాను చెప్పుకోవడం ఆయనకు ఎప్పుడూ అలవాటు లేదు. అవతలివాళ్లు అడగాలి.

చైతన్యకృష్ణ అడగలేదు. ప్రెస్సువాళ్లు పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు మరి.

"ఆయన గొంతు విని ఆరేళ్లయిందండి," అన్నాడు ఏసోబు మెల్లగా. "ఆ జాగా అలాగే ఉంటే, ఆయన అక్కడ ఆగి నా వంక చూస్తున్నట్టే ఉంటుంది."

"పుస్తకమన్నాక నిండుగా ఉండాలి కదండీ."

ఏసోబు దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభలో వక్తలు ఖాదర్ని కాస్త, చైతన్యకృష్ణను చాలా పొగిడారు. సభ ముగిశాక నజ్మీన్ పుస్తకం తెరిచి పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏసోబు బాబాయి చెప్పాక కూడా నింపేశారా సార్? తనే వెళ్లి చెప్తానంటే నేను మీకు ఫోన్ చెయ్యలేదు."

"ఆయనేదీ విప్పి చెప్పలేదమ్మా. రాలేదా ఇవాళ?"

"పోయిన నెల పోయాడండి. నిద్రలోనే."



"పాపం. ఆయన కూడా పాటలు రాసేవాడా?"

"వేలిముద్రండి. పెళ్లి బ్యాండులో శాక్సాఫోన్ ఊదేవాడు. షిఫ్టు అయ్యాక మిల్లు దొడ్లో కూర్చుని నాన్న రెండు లైన్లు పాడి ఆగితే, బాబాయి దానికి జవాబు ఊదేవాడు. నిన్న ఊదినట్టు ఇవాళ ఊదేవాడు కాదు. రాసుకునే వీల్లేక నాన్న అంత జాగా వదిలేవాడు."

"ఎవరైనా రికార్డు చేశారా?"

"లేదండి."

చైతన్యకృష్ణ పుస్తకంలోకి చూశాడు. తన పంక్తులు చూస్తే తనకే సిగ్గేసింది. ఎన్నడూ వినని, ఇక ఎన్నటికీ వినలేని ఆ పాట కోసం ఆయన ప్రాణం కొట్టుకుంది.

"ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే, వినిపించేవాడేమో."

"మీరు అడుగుతారనే అనుకున్నాడు సార్," అంది నజ్మీన్. "నాన్న పోయినప్పట్నుంచి ముట్టుకోని శాక్సాఫోన్ని తుడిచి తెచ్చుకుని, మీ మేడ కింద జిరాక్స్ షాపులో పెట్టి, మీ దగ్గరికి పైకి వచ్చాడు."