ఆరో గదిలో పక్క

దుప్పట్లు ఉతకాలి, కూజాలు నింపాలి, మెట్లు తుడవాలి, ఆరో గది సర్దాలి. తల్లి మంచం పట్టినప్పటి నుంచి లాడ్జి పనంతా కొడుకు మీదే పడింది. "ఇక నావల్ల కాదమ్మా, రేపు మూసేద్దాం" అని పొద్దున అనేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

రాత్రి అతను ఆరో గది తలుపు తీస్తే పక్క పరిచే ఉంది. ఒక్క ముడత లేదు. దుప్పటి మూలలు అంత నేర్పుగా బిగించడం తల్లికి తప్ప ఎవరికీ చేతకాదు. అతనికి ఎన్నాళ్లయినా పట్టుబడలేదు.

పరుగున కిందికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏరా, ఆ రొప్పేంటి? మూసేస్తానన్నావుగా, మరి ఆరో గదిలో లైటెందుకు దండగ?"

ఆమె చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. పైన ఎవరో దిండు దులుపుతున్నారు.

ఏ ఊళ్లోనైనా ముడతలేని పక్క మీద నడుం వాల్చేముందు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.